తల్లి ఓడకు కాపలా ఎవరు?

ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నిటిలోకీ పొడుగైనది ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి రాసినది. నాలుగు పేజీలున్నది. అందులో రెండు పేజీలు ఒట్టి కోపం. కోపం తీసేసి సంగతి మాత్రం చెబుతాను.

ఆ అమ్మాయికి ఒక అన్న ఉన్నాడు. ఇంజనీరింగు చదువుతున్నాడు. సెలవులకు ఇంటికి వస్తే అన్నా చెల్లెలూ చెరొక కంప్యూటరు ముందు కూచుని రోదసి ఆటలు ఆడతారు. ఆటలు వేరువేరు, కాని ఇద్దరూ ఎంచుకున్న వృత్తి ఒకటే. యుద్ధాలంటే ఇద్దరికీ సరదా లేదు. రోదసిలో పాడుపడి తేలుతూ ఉన్న ఓడలను వెతికి, వాటిలో పనికివచ్చే సామాను ఊడదీసి అమ్ముకుంటారు. మన వీధిలో పాత ఇనుము కొనేవాడు చేసే పనే, కాకపోతే నక్షత్రాల మధ్య! ఇద్దరికీ జతగాళ్లు లేరు. ఇద్దరికీ చెరొక బ్రహ్మాండమైన ఓడ మాత్రం ఉన్నది. దాన్ని ఒకచోట నిలిపి, అందులోనుంచి చిన్న ఓడలో బయటికి పోయి, దొరికినది తెచ్చి పెద్ద ఓడలో నింపుకుంటారు. ఇలాంటి పెద్ద ఓడను తల్లి ఓడ అంటారు.

ఇక ఉత్తరంలోని మాటలే వినండి.

"పోయిన నెల అన్నయ్య పెద్ద ఓడను నిలిపి చిన్న ఓడలో పోయి సామాను ఏరుకుంటున్నాడు. ఇంతలో ఎవడో వచ్చి, ఖాళీగా ఉన్న పెద్ద ఓడ ఎక్కి దర్జాగా నడుపుకుపోయాడు! అన్నయ్య మూడు నెలల సంపాదన అందులోనే ఉంది. రెండు రోజులు వాడు సరిగా అన్నం తినలేదు. ఆ ఆటలో పోలీసులున్నారుగదా అంటే, 'వాళ్లు రారు, అది నేరం కాదు' అంటాడు. నా ఆటలో నా ఓడను ఎక్కడ వదిలినా ఎవరూ ముట్టుకోరు. నేను పిలిస్తే అదే వస్తుంది. అన్నయ్యకు జరిగింది దొంగతనం కాదా? నిజం రోదసిలో అయితే ఏమవుతుంది?"

మంచి ప్రశ్న. ఆటకు సంబంధించిన ప్రశ్నలాగా కనిపిస్తుందిగాని, కాస్త తవ్వితే ఇది చాలా పాత ప్రశ్న.

ఒక మనిషి ఒంటరిగా బండి కట్టుకుని అడవికి కట్టెలకు పోయాడనుకోండి. చిన్న బండి అయితే పొదల దాకా తోలుకుపోవచ్చు. పెద్ద బండి పొదలలో దూరదు, దాన్ని బాటమీదనే నిలపాలి. అతను దిగి, లోపలికి పోయి, కట్టెలు కొట్టి, మోపు మోసుకుని రావాలి. అతను లోపల ఉన్నంతసేపూ బండికీ ఎద్దులకూ కాపలా లేదు. బండి దగ్గిరే కూచుందామంటే కట్టెలు వాటంతట అవి రావు. బండి పెద్దదైనకొద్దీ ఎక్కువ సరుకు పడుతుంది, నిజమే. కాని బండి పెద్దదైనకొద్దీ అది పోలేని చోట్లు ఎక్కువవుతాయి, దాన్ని విడిచి పోవలసిన దూరం పెరుగుతుంది. కొడుకునో తమ్ముణ్ణో వెంట తెచ్చుకున్నవాడికి ఈ చిక్కు లేదు. ఒంటరివాడి చిక్కు చోటుది కాదు, తాను ఏకకాలంలో రెండు చోట్ల ఉండలేకపోవటమే. రెండు పడవలమీద కాళ్లు పెట్టటమంటే ఇదే.

ఇప్పుడు అన్నగారి ఆట సంగతి చూద్దాం.

ఆ ఆట పేరు ఈవ్ ఆన్‌లైన్. ఐస్లాండు దేశపు సంస్థ ఒకటి దాన్ని 2003 మే నెలలో మొదలుపెట్టింది. ప్రపంచం నలుమూలలనుంచీ ఆడేవాళ్లు వేల సంఖ్యలో ఒకే లోకంలో తిరుగుతారు. ఆ లోకంలో ఏడువేలకు పైగా నక్షత్ర మండలాలున్నాయి. కనిపించే ఓడలలో చాలావాటిని నిజమైన మనుషులే ఎక్కడో కూచుని నడుపుతూ ఉంటారు. ఇది ముఖ్యమైన సంగతి, గుర్తుంచుకోండి.

అన్నగారు పోగొట్టుకున్న ఓడను ఓర్కా అంటారు. ఓర్కా అనేది సముద్రంలో వేటాడి బతికే ఒక పెద్ద జంతువు. ఈ ఓడ ఆ ఆటలోకి 2008 లో వచ్చింది. దీని కడుపులో ఇతర ఓడలను దాచుకునేందుకు 4,00,000 ఘనమీటర్ల కొట్టు ఉన్నది. ఆ అంకె ఎంతో తెలియాలంటే, పొడుగూ వెడల్పూ ఎత్తూ సుమారు 74 మీటర్ల చొప్పున ఉండే గదిని ఊహించుకోండి. మన చార్మినారు ఎత్తు 56 మీటర్లు. దాన్ని ఆ గదిలో నిలువునా పెట్టి తలుపు మూసెయ్యవచ్చు! ఇది గాక సరుకులకు వేరే కొట్లున్నాయి. ఒంటరివాడికి ఇంతకన్న ఏం కావాలి? ఇల్లూ, కొట్టూ, పశువుల సావిడీ అన్నీ ఒకటే.

కాని ఓర్కాకు బద్ధకం ఎక్కువ. అది తిరగాలంటే ఆలస్యం, కదలాలంటే ఆలస్యం. పగిలిన ఓడలేమో పదుల కిలోమీటర్ల మేర చెల్లాచెదరుగా పడి ఉంటాయి. సామాను ఊడదీసే యంత్రం పని చెయ్యాలంటే శిథిలానికి సుమారు 5 కిలోమీటర్ల దగ్గిరికి పోవాలి. దూరంనుంచే శిథిలాలను లాక్కునే కిరణాలు కూడా ఆ ఆటలో ఉన్నాయి. అయితే అవి మనం పడగొట్టిన ఓడలనే లాగుతాయి, లేదా దాని యజమాని "నాకు అక్కరలేదు" అని వదిలేసినవాటిని లాగుతాయి. అన్నగారు ఎవరినీ పడగొట్టే రకం కాదు. పరుల యుద్ధాలు ముగిశాక పోయి ఏరుకునే రకం. అందుచేత ఒక్కొక్క శిథిలం దగ్గిరికీ తానే పోవాలి. పైగా ఆ లోకంలో శిథిలాలు రెండు గంటలకన్న ఎక్కువసేపు ఉండవు. ఆ తరువాత మాయమవుతాయి. ఓర్కా ఒక శిథిలం దగ్గిరినుంచి మరొక శిథిలానికి పాకేలోపల చిన్న ఓడ పది శిథిలాలను చుట్టివస్తుంది. ఆశ పుట్టకుండా ఉంటుందా?

(రెండు గంటలలో మాయంకాని శిథిలాలు ఆ లోకంలో ఒకచోట ఉన్నాయి. 2014 జనవరిలో అక్కడ ఇరవై గంటలకు పైగా ఒక మహాయుద్ధం జరిగింది. ఆటలోకెల్లా పెద్దవైన టైటను ఓడలు 75 అందులో ధ్వంసమయాయి. దానికి గుర్తుగా ఆట నడిపే సంస్థవారు అక్కడ శిథిలాలను శాశ్వతంగా నిలిపారు. వాటినుంచి ఎవరూ మేకుకూడా పీకలేరు. అన్నగారు చూసే ఉంటాడు.)

ఆ లోకంలో ఏరుకునేవాళ్లకొక విచిత్రమైన న్యాయం ఉన్నది. పగిలిన ఓడలో మిగిలిన సరుకు యజమానిది. దాన్ని మరొకడు తీసుకుంటే వాడిమీద అనుమానితుడని ముద్ర పడుతుంది, ఆ ముద్ర ఉన్నంతసేపూ వాణ్ణి ఎవరైనా కాల్చవచ్చు. అయితే ఆ ఓడ తునకలను, అంటే చట్రాన్నీ తీగెలనూ కరిగిన రేకులనూ, ఎవరు ఊడదీసుకుంటే వారివే! పెట్టె ముట్టుకుంటే తప్పు, పెట్టె ఉన్న ఇంటి దూలం పీక్కుపోతే తప్పు లేదు. ఈ న్యాయమే లేకపోతే అన్నగారికి వృత్తే లేదు. ఆయన మూడు నెలల సంపాదన అలా వచ్చినదే.

అమ్మాయీ, ఇక్కడ నీకు కోపం వచ్చినా ఒక మాట చెప్పక తప్పదు. ఓడను వదిలి దిగిపోతే అది ఖాళీ ఓడ. ఖాళీ ఓడను ఎవరు ఎక్కితే వారిది అన్నదికూడా ఆ లోకపు న్యాయమే. ఎక్కేవాడు ఆ రకం ఓడ నడపటం నేర్చుకుని ఉంటే చాలు. కాంకర్డ్ అనే పోలీసు దళం ఒకటి ఉన్నది. భద్రమైన ప్రాంతాలలో ఎవడైనా అన్యాయంగా ఓడమీద కాలుపులు జరిపితే ఆ దళం వచ్చి వాణ్ణి తుదముట్టిస్తుంది. కాని అక్కడ ఒక్క గుండైనా పేలలేదు. ఒకడు వచ్చాడు, తలుపు తెరిచి ఉన్నది, ఎక్కాడు. కాంకర్డ్ లెక్కలో అక్కడేమీ జరగలేదు. తునకలు ఎవరివైనా ఏరుకోవచ్చునన్న న్యాయంమీద మూడు నెలలు బతికిన మీ అన్నయ్య, దాని పక్కనే ఉన్న రెండో న్యాయానికి బలి అయాడు.

ఇక నీ ఆట. దాని పేరు నో మాన్స్ స్కై. ఇంగ్లండులో గిల్డ్‌ఫర్డ్ అనే ఊళ్లో కొద్దిమంది కలిసి తయారు చేశారు. 2016 ఆగస్టులో వచ్చింది. అందులోని గ్రహాల సంఖ్య రెండును అరవైనాలుగు సార్లు వేసి గుణిస్తే ఎంతో అంత. చదరంగం గడికి రెట్టింపు చొప్పున గింజలు పెట్టమని రాజును అడిగినవాడి కథ మీకు తెలుసుగదా, ఆ గింజల మొత్తంకన్న ఒకటి ఎక్కువ! అంత లోకంలో నువ్వు కొన్ని సంవత్సరాలు తిరిగినా మరొక మనిషి కనిపించకుండా ఉండవచ్చు.

తల్లి ఓడ ఆ ఆటలో మొదటినుంచీ లేదు. 2016 నవంబరులో వచ్చింది. దొంగల దాడిలో చిక్కుకున్న ఓడల గుంపును కాపాడినందుకు ఒక కెప్టెను తన ఓడను నీ చేతిలో పెడతాడు. మొదటిదానికి డబ్బు అక్కరలేదు. దాంట్లో కొట్లు కట్టుకోవచ్చు, మొక్కలు పెంచుకోవచ్చు, చిన్న ఓడలను నిలుపుకోవచ్చు. 2020 జులైలో పాడుపడ్డ పెద్ద ఓడలుకూడా వచ్చాయి. నీ తల్లి ఓడను దూరంగా వదిలి, చిన్న ఓడలో పోయి, వాటిలో ప్రవేశిస్తావు. లోపల చలి ఎముకలు కొరుకుతుంది. కొన్ని గదులలో కాళ్లు నేలమీద ఆనవు. చచ్చిపోయిన నావికుల రాతలు చదివితే ఆ ఓడ ఎలా పాడయిందో తెలుస్తుంది. దొరికిన సామాను తెచ్చి నీ తల్లి ఓడకు బలం చేకూర్చుకోవచ్చు. ఇదంతా ఒక్క మనిషి చేసే పని. ఈ ఆటలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

కాని ఇక్కడ కాపలా ప్రశ్నే పుట్టదు. ఆట తయారు చేసినవాళ్లే కాపలా. నీ ఓడ నీది, అంతే. పిలిస్తే వస్తుంది, పిలవకపోతే ఎక్కడ ఉన్నదో అక్కడ ఉంటుంది. ఒంటరివాడు రెండు చోట్ల ఉండలేడన్న చిక్కును ఒక ఆట అసలు తీసేసింది, రెండోది యథాతథంగా ఉంచి, "నీ తంటాలు నువ్వు పడు" అన్నది. నీ ఆట దయగలది. అయితే పాడుపడ్డ ఓడలోపల నువ్వు చీకట్లో తడుముకుంటూ ఉండగా "నా ఓడ ఏమయిందో" అన్న బెంగ నీకు ఎప్పుడూ కలగదు. మీ అన్నయ్యకు ప్రతి నిమిషమూ కలుగుతుంది. ఆయన ఆ ఆటనే ఎందుకు ఆడుతున్నాడని అడిగి చూడు. ఆ బెంగకోసమే అంటాడని నా అనుమానం.

నిజం రోదసిలో ఏమవుతుందని గదా నీ చివరి ప్రశ్న. నిజం రోదసిలో ఖాళీ ఓడను పోగొట్టుకునేందుకు దొంగే అక్కరలేదు!

ఆటలో ఓడను "ఆపితే" అది ఆగుతుంది. భూమి చుట్టూ తిరిగే ఓడకు ఆగటమంటూ లేదు. భూమికి మూడు నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తున అది సెకనుకు ఏడున్నర కిలోమీటర్లకు పైగా పరుగెత్తుతూ ఉంటుంది, సుమారు గంటన్నరలో భూమిని చుట్టివస్తుంది. నువ్వు దాన్ని వదిలి చిన్న ఓడలో బయటికి వచ్చావనుకో. ఇక రెండు ఓడలూ దేని దారిన అది తిరుగుతాయి. పరుగు దిక్కులో రెంటి వేగాలకూ సెకనుకు ఒక్క మీటరు తేడా ఉన్నా, భూమిని ఒక్క చుట్టు తిరిగేసరికి వాటి మధ్య పదిహేను కిలోమీటర్లకు పైగా ఎడం వస్తుంది. సెకనుకు ఒక మీటరంటే మనం మెల్లిగా నడిచే వేగం! అందుచేత తల్లి ఓడలో ఎవరో ఒకరు ఉండి, రెండోదాన్ని కనిపెట్టి చూస్తూ, అవసరమైతే ఇంజన్లు కాస్త కాస్త వెలిగించి దగ్గిరగా నిలుపుతూ ఉండాలి, లేదా యంత్రాలచేత ఆ పని చేయించాలి.

1969 జులైలో ఆర్మ్‌స్ట్రాంగూ ఆల్డ్రినూ చంద్రుడిమీద దిగినప్పుడు మూడో మనిషి కాలిన్స్ తల్లి ఓడలోనే ఉండి చంద్రుడి చుట్టూ తిరగటం మీకందరికీ తెలుసు. ఆయన చంద్రుడిమీద కాలు పెట్టలేదే అని జాలిపడేవాళ్లున్నారు. ఆయన అక్కడ లేకపోతే ఆ ఇద్దరూ ఇంటికి రావటమెట్లా?

సామాను ఏరుకునే పనికూడా నిజం రోదసిలో ఒకసారి జరిగింది. ఇది 1984 సంగతి.

ఆ సంవత్సరం ఫిబ్రవరిలో చాలెంజర్ అనే అమెరికా రోదసీనౌక రెండు కృత్రిమోపగ్రహాలను బయట వదిలింది. ఒకటి అమెరికా కంపెనీది, పేరు వెస్టార్ 6. రెండోది ఇండొనీసియావారిది, పేరు పలాపా బి-2. (పూర్వం మజపహిత్ రాజ్యంలో గజమద అనే మంత్రి ఒక శపథం చేశాడు. దానిపేరే ఈ ఉపగ్రహానికి పెట్టారు.) అవి అక్కడినుంచి తమ సొంత రాకెట్ల బలంతో 36,000 కిలోమీటర్ల ఎత్తుకు పోవాలి. రాకెట్లు వెలిగి, చాలా ముందుగానే ఆరిపోయాయి. రెండు ఉపగ్రహాలూ నిక్షేపంగానే ఉన్నాయి, కాని ఎందుకూ పనికిరాని కక్ష్యలో చిక్కుకున్నాయి. బీమా కంపెనీలు యజమానులకు డబ్బు చెల్లించి, వాటిని తమ సొంతం చేసుకున్నాయి. చేసుకుని, "వెళ్లి తీసుకురాగలరా?" అని అమెరికా రోదసి సంస్థను అడిగాయి.

ఇక్కడ మన పెద్ద బండి గుర్తు తెచ్చుకోండి. తల్లి ఓడ అంత ఎత్తుకు పోలేదు. అందుచేత భూమిమీది ఇంజనీర్లే సంకేతాలు పంపి, ఉపగ్రహాలలో ఉన్న చిన్న ఇంజన్లను వెలిగించి, వాటిని తల్లి ఓడకు అందే ఎత్తుకు దించారు. బొంగరాల్లాగా గిర్రున తిరుగుతున్న వాటి వేగంకూడా తగ్గించారు.

1984 నవంబరు 8 న డిస్కవరీ అనే రోదసీనౌక బయలుదేరింది. దాని సరుకుల కొట్టు పొడుగు 18 మీటర్లు. ఓర్కాతో పోలిస్తే అగ్గిపెట్టె! అందులో అయిదుగురున్నారు. నాయకుడు హాక్, నౌక నడిపే వాకర్, బయటికి పోయి పనిచేసే ఆలెన్, గార్డ్‌నర్. అయిదో ఆమె అనా ఫిషర్. ఆమె రోదసిలోకి వెళ్లిన మొట్టమొదటి తల్లి. అంటే ఇంటిదగ్గర చంటిబిడ్డను ఉంచి వెళ్లింది. నౌకకు ఉన్న పొడుగాటి యంత్రపు చేతిని ఆడించటం ఆమె పని.

నవంబరు 12 న ఆలెన్ వీపుకు ఒక యంత్రం తగిలించుకున్నాడు. అందులోనుంచి వెలువడే వాయువు తోపుడువల్ల మనిషి రోదసిలో ఎటు కావాలంటే అటు పోవచ్చు. ఆయనే ఒక చిన్న ఓడ అన్నమాట. ఆయన పొడుగాటి శూలం లాంటి పరికరాన్ని ముందుకు పట్టుకుని పలాపా దగ్గిరికి పోయి, ఆరిపోయిన రాకెట్టు నోట్లోకి దాన్ని దూర్చాడు. దూర్చి తిప్పితే శూలం కొస గొడుగు విచ్చుకున్నట్టు విచ్చుకుని లోపల బిగుసుకున్నది. తన యంత్రంతోనే ఉపగ్రహం తిరగటం ఆపాడు. ఫిషర్ యంత్రపు చేతితో శూలాన్ని పట్టుకుని ఉపగ్రహాన్ని నౌక దగ్గిరికి తెచ్చింది.

అంతా సవ్యంగా జరుగుతూ ఉండగా చిక్కు వచ్చింది. ఉపగ్రహాన్ని కొట్టులో బిగించటానికి పైన ఒక చట్రం తగిలించాలి. భూమిమీద కొలతలు తీసి చేసిన ఆ చట్రం పట్టలేదు! ఉపగ్రహంమీద ఏదో కొద్దిగా ముందుకు పొడుచుకువచ్చి అడ్డం తగిలింది. ఇలాంటిది జరిగితే ఏం చెయ్యాలో వాళ్లు ముందే ఆలోచించి ఉంచారు. ఆలెన్ ఒకచోట కాళ్లు బిగించుకుని, చేతులు పైకెత్తి, ఉపగ్రహాన్ని పట్టుకున్నాడు. గార్డ్‌నర్ దాని అడుగున వేరే పరికరం బిగించసాగాడు. ఆ పని పూర్తి అయేసరికి సుమారు గంటన్నర పట్టింది. అంటే అర టన్నుకు పైబడిన ఉపగ్రహాన్ని చేతులతో పట్టుకుని ఆలెన్ భూమిని ఒక ప్రదక్షిణం చేశాడు!

"రోదసిలో బరువు ఉండదుగదా, ఇందులో గొప్పేమున్నది?" అని మీలో ఎవరో అనుకుంటూ ఉంటారు. బరువు లేని మాట నిజం. కాని వస్తువు మొండితనం ఎక్కడికీ పోదు. కదలని వస్తువును కదిలించాలంటే ఎంత బలం కావాలో, కదిలినదాన్ని ఆపటానికి అంత బలం కావాలి. అర టన్ను వస్తువు చేతిలోనుంచి కొంచెం జారి ఊగటం మొదలుపెడితే దాన్ని ఆపటం మాటలు కాదు. దుస్తులు చిరిగినా ప్రమాదమే, నౌకకు తగిలినా ప్రమాదమే. అందుకే ఆలెన్ దాన్ని ఊగనివ్వకుండా, నిద్రపోతున్న పసిపిల్లను ఎత్తుకున్నట్టు, వేళ్ల కొసలతో సర్దుతూ పట్టుకున్నాడు.

నవంబరు 14 న ఇదే విధంగా వెస్టార్‌నుకూడా పట్టారు. ఈసారి శూలం పట్టుకుపోయినవాడు గార్డ్‌నర్. పని ముగిశాక ఇద్దరూ "అమ్మకానికి" అని ఇంగ్లీషులో రాసిన ఒక అట్ట పట్టుకుని ఫోటో తీయించుకున్నారు. నేలమీద నాలుగు డబ్బాలు కొన్న పాత సామానువాడు కూడా ఇంత సరదా పడడు.

ఆ రెండు రోజులూ అయిదుగురిలో బయట ఉన్నది ఇద్దరే. ముగ్గురు తల్లి ఓడ వదలలేదు. ఒకరు యంత్రపు చేతి దగ్గిర, మిగిలినవారు నౌకను నిలపటంలో. చట్రం పట్టని క్షణాన ఆలెన్ ఒంటరివాడయితే? ఉపగ్రహాన్ని పట్టుకున్న చేతులతో అడుగున మరలు బిగించలేడు. వదిలి బిగిద్దామంటే ఉపగ్రహం ఉండదు. దొంగ లేడు, శత్రువు లేడు, కొట్టు నిండా చోటు ఉన్నది. అయినా ఒక్కడివల్ల అయే పని కాదది.

ఇప్పుడు దొంగతనం మాట. సముద్రంమీద మనిషి లేని ఓడ కనిపిస్తే, ఎక్కినవాడిది కాదు. దాన్ని కాపాడి రేవుకు తెచ్చినవాడు యజమానినుంచి బహుమానం అడగవచ్చు. తేలేకపోతే మామూలుగా అతనికి ఏమీ రాదు. ఓడ మాత్రం యజమానిదే. ఇది చాలా కాలంగా ఉన్న ఆచారం. 1989 లో దేశాలు దీన్నిగురించి ఒక ఒప్పందంకూడా చేసుకున్నాయి. రోదసిలో నియమం ఇంకా కచ్చితమైనది. 1967 నాటి ఒప్పందం ప్రకారం రోదసిలోకి పంపిన వస్తువు ఎక్కడ ఉన్నా, ఎంత పాడయినా, దానిమీద సొంతదారు హక్కు పోదు. పనిచెయ్యని ఉపగ్రహాన్నయినా, దాని తునకనయినా, అనుమతి లేనిదే ముట్టుకోరాదు. ఆ లెక్కన ఓర్కాను తీసుకుపోయినవాడూ దోషే, పరాయి ఓడల దూలాలు ఊడదీసిన మీ అన్నయ్యా దోషే! ఈ వాక్యం ఆయనకు ఇప్పుడే చదివి వినిపించకు. అన్నం తిన్నాక వినిపించు.

మళ్లీ ఓడ సంపాదించుకున్నాక ఆయన చెయ్యదగిన పనులు కొన్ని ఉన్నాయి. పెద్ద ఓడను రేవులో కట్టేసి చిన్న ఓడలోనే పోయిరావచ్చు. అయితే దూరం తిరగటంలోనే రెండు గంటలూ గడిచి కొన్ని శిథిలాలు మాయమవుతాయి. లేదా తాను తల్లి ఓడలోనే కూచుని, సామాను ఊడదీసే డ్రోనులను పంపవచ్చు. అవి నెమ్మది, విసుగు పుడుతుంది, కాని ఓడ ఖాళీ కాదు. 2010 లో నాక్టిస్ అని ఈ ఏరుడు పనికే ప్రత్యేకంగా ఒక మధ్యరకం ఓడ వచ్చింది. దాన్ని ఒక్కడే నడిపి, ఒక్కడే పని చేసుకుని పోవచ్చు. కడుపు చిన్నది, అంతే. ఇక నాలుగో మార్గం చాలామంది చేసేదే: రెండు పేర్లతో రెండు ఖాతాలు పెట్టుకుని, రెండు తెరలు ముందు పెట్టుకుని, తనకు తానే జతగాడు కావటం. అంత అవస్థ పడేబదులు పక్క గదిలో ఉన్న చెల్లెల్ని తల్లి ఓడలో కూచోబెట్టవచ్చునని ఆయనకు తోచలేదు కాబోలు.

ఉత్తరం చివర నువ్వు అడిగిన చిన్న ప్రశ్న ఒకటి మిగిలింది: ఆ ఓడకు బీమా ఉన్నదిగదా, డబ్బు రాదా అని. రాదు. ఆ ఆటలో బీమా డబ్బు ఓడ పేలిపోతేనే ఇస్తారు. ఓర్కా పేలలేదు, ఎక్కడో హాయిగా తిరుగుతున్నది. బీమావాళ్లు తెచ్చుకున్న ఆ రెండు ఉపగ్రహాల అదృష్టం వేరు. వాటిని బాగుచేసి మళ్లీ అమ్మారు. 1990 ఏప్రిల్‌లో రెండూ తిరిగి రోదసిలోకి వెళ్లాయి. పలాపా మళ్లీ ఇండొనీసియాకే పనిచేసింది. వెస్టార్ పేరు మార్చుకుని, ఏషియాశాట్ 1 గా, ఒక చైనా రాకెట్టుమీద వెళ్లింది.